మా అమ్మాయి ఇంటర్న్‌షిప్పు – నేను చదవని కాగితం

“అమ్మా, నీ పని అయ్యాక ఈ కాగితం ఒకసారి చదివిపెడతావా?” అంది మా అమ్మాయి. అప్పుడు నేను వంటింట్లో కింద కూర్చుని గోంగూర ఒలుస్తున్నాను. లా మూడో సంవత్సరం చదువుతున్న పిల్ల, ఇంటర్‌తో చదువు ఆపేసిన నన్ను అడగడమేమిటని నవ్వొచ్చింది. “మీ నాన్నగారికి చూపించవే. నాకేం తెలుస్తుంది?” అన్నాను.

“నాన్నగారు చూడకుండానే బావుందంటారు. నువ్వయితే కందిపప్పులో రాళ్లు ఏరినట్టు తప్పులు ఏరతావు” అంది.

పొగడ్తకి లొంగని ఆడది ఉంటుందా చెప్పండి! చేతులు కడుక్కొచ్చి కూర్చున్నాను. ఆ కాగితం సంగతి తర్వాత చెబుతాను. ముందు మా ఇంట్లో లా చదువు ఎలా అడుగుపెట్టిందో చెప్పాలి.

మా గుంటూరు వైపు “కోర్టు మెట్లెక్కడం” అంటే పరువు తక్కువ పని. ఎవరినైనా తిట్టాలన్నా “నువ్వు కోర్టుల చుట్టూ తిరుగుతావు చూడు” అంటారు. అలాంటిది ఇంటర్ అయిపోగానే మా అమ్మాయి “నేను లా చదువుతాను” అనేసరికి మా అత్తగారు అన్నం ముందు నుంచి లేచిపోయారు. “ఆడపిల్ల నల్లకోటు వేసుకుని మగాళ్ల మధ్య వాదిస్తే రేపు సంబంధాలెలా వస్తాయే?” అని ఆవిడ బెంగ. నిజం చెప్పొద్దూ, నా బెంగా అదే. పైకి అనలేదంతే.

మావారు మాత్రం దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి కథ ఎత్తుకున్నారు. రాజమండ్రిలో పుట్టిన ఆవిడకి చిన్నతనంలోనే పెళ్లి చేసేశారట. ఆ పెళ్లి వద్దనుకుని, స్వాతంత్ర్య పోరాటంలో జైలుకెళ్లి, ఆగిపోయిన చదువు మళ్లీ మొదలుపెట్టి, 1942లో మద్రాసులో లా పూర్తి చేశారు. తర్వాత రాజ్యాంగ సభలో కూర్చున్నారు. అసలు ఆడవాళ్లు వకీళ్లుగా పని చేయవచ్చని మన దేశంలో చట్టం వచ్చిందే 1923లో. అంతకుముందు పరీక్షలు ప్యాసైన ఆడవాళ్లని కూడా “మీరు ఆడవాళ్లు, పనికిరారు” అని కోర్టులే వెనక్కి పంపేశాయి. ఇవన్నీ విన్నాక మా అత్తగారు మెత్తబడలేదు గానీ, అన్నం మాత్రం తిన్నారు.

అమ్మాయి రెండు పరీక్షలు రాసింది. ఒకటి క్లాట్. హైదరాబాదులో నల్సార్, విశాఖపట్నంలో దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం లాంటి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో సీటు కావాలంటే అదే దారి. ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో పెద్ద పెద్ద పేరాలు. అవి చదివి అర్థం చేసుకుని జవాబు గుర్తించాలి. తప్పు రాస్తే పావు మార్కు కోస్తారు. మా పిల్లకి అందులో మంచి ర్యాంకు రాలేదు. రెండోది లాసెట్. 120 ప్రశ్నలు, గంటన్నర సమయం. సగం ప్రశ్నలు లోకజ్ఞానం, వర్తమాన విషయాలు, మిగతా సగం చట్టానికి సంబంధించినవి. ఇందులో తప్పు రాసినా మార్కులు పోవు. దీంట్లో వచ్చిన ర్యాంకుతో మా జిల్లాలోనే అయిదేళ్ల కోర్సులో చేరింది.

ఇక అసలు సంగతికి వస్తాను. లా చదివే పిల్లలు పుస్తకాలు చదివితే చాలదు. అయిదేళ్ల కోర్సులో మొత్తం మీద 20 వారాలు, మూడేళ్ల కోర్సులో అయితే 12 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలని బార్ కౌన్సిల్ నియమం. అంటే లాయర్ల దగ్గరో, కంపెనీల్లోనో, స్వచ్ఛంద సంస్థల్లోనో, లా ఫర్ముల్లోనో పని నేర్చుకోవాలి. ఒకేసారి నాలుగు వారాలకు మించి చేయకూడదు. రోజూ ఏం నేర్చుకున్నదీ డైరీ రాయాలి. దానికి మార్కులుంటాయి.

“లా ఫర్మ్ అంటే ఏమిటే?” అని అడిగాను ఓ రోజు. “పదిమందో, వందమందో లాయర్లు ఒకే ఆఫీసుగా కలిసి పనిచేస్తారమ్మా. పెద్ద కంపెనీల ఒప్పందాలు, బ్యాంకు లోన్లు, స్థలాల కాగితాలు చూస్తారు. అక్కడ చేసేవాళ్లలో చాలామంది కోర్టుకే వెళ్లరు” అంది. కోర్టుకి వెళ్లని లాయరా! నా ప్రాణం లేచొచ్చింది. “అయితే నువ్వు అక్కడే చెయ్యి తల్లీ” అన్నాను వెంటనే. చూశారా, తల్లి మనసు! కోటు ఫరవాలేదు, మెట్లు మాత్రం ఎక్కకూడదు.

అలా దసరా వెళ్లగానే మా అమ్మాయి వచ్చే వేసవికి హైదరాబాదు, బొంబాయి ఫర్ములకి దరఖాస్తులు పెట్టడం మొదలెట్టింది. పెద్ద ఆఫీసులకి ఎన్నో నెలల ముందే రాయాలట. ఒక పేజీ సీవీ, దానిమీద ఒక ఉత్తరం. గోంగూర దగ్గర నాకిచ్చింది ఆ ఉత్తరమే.

నా ఇంగ్లీషు ఇంటర్ ఇంగ్లీషు. ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాను. చదువుతూ చదువుతూ “ఇదేమిటే, పైన ఒక ఆఫీసు పేరుంది, కింద ‘మీ సంస్థలో పని చేయాలని నా కోరిక’ అన్నచోట ఇంకో ఆఫీసు పేరుంది?” అన్నాను. పిల్ల మొహం పాలిపోయింది. ఒకే ఉత్తరాన్ని పేర్లు మార్చి మార్చి పంపిస్తోందట! అప్పటికి పదకొండు ఆఫీసులకి వెళ్లిపోయింది. వాటిలో ఎన్నింట్లో ఎవరి పేరు ఎవరికి వెళ్లిందో ఆ భగవంతుడికే తెలియాలి.

ఏడుపు మొహం పెట్టింది. నేను దగ్గర కూర్చోబెట్టుకున్నాను. “పెళ్లి పిలుపులకి వెళ్లినప్పుడు ఏం చేస్తాం? అందరికీ ఇచ్చే శుభలేఖ ఒకటే. కానీ ఎదురింటి పిన్నిగారి దగ్గర ‘మీ చేతి బూరెలు లేకపోతే పెళ్లేమిటండీ’ అంటాం. పక్కింటి మాస్టారి దగ్గర ‘మీరు అక్షింతలు వేస్తేనే మాకు తృప్తి’ అంటాం. శుభలేఖ గుమ్మంలో పడేసి పోతే ఎవరొస్తారే?” అన్నాను.

ఆ రాత్రి కూర్చుని ఉత్తరాన్ని మొత్తం మార్చి రాసింది. నాకు అర్థమైనంతలో ఆ ఉత్తరం ఎలా ఉండాలో చెబుతాను. మీ పిల్లలకి పనికొస్తుంది. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు రాగలరో మొదట్లోనే రాయాలి. ఆ ఆఫీసులో ఏ రకం పని జరుగుతుందో తెలుసుకుని, తమకి ఆ పనిలో ఏం వచ్చో ఒకటి రెండు వాక్యాల్లో చెప్పాలి. “కష్టపడి పనిచేస్తాను, త్వరగా నేర్చుకుంటాను” అని అందరూ రాస్తారు. దానికి బదులు చేసిన పని ఒక్కటి చెప్పినా చాలు. కాలేజీలో ఉత్తుత్తి కోర్టు పోటీలు పెడతారు, వాటిలో ఏ వైపు వాదించిందీ, రాసిన వ్యాసం ఏదైనా ఉంటే అదీ రాయాలి. చివరగా పంపే ముందు ఇంకొకరి చేత చదివించాలి. ఆ ఇంకొకరు ఇంటర్ చదివిన అమ్మ అయినా సరే!

మొత్తం ఇరవై రెండు ఆఫీసులకి రాసింది. నాలుగు “ఖాళీ లేదు” అన్నాయి. ఒకటి “వచ్చే ఏడాది చూడండి” అంది. మిగతా పదిహేడింటి నుంచి జవాబే లేదు. నేను పూలు కడుతూ, అన్నం వారుస్తూ “ఏమైనా వచ్చిందా?” అని అడగడం, అది తల అడ్డంగా ఊపడం. ఇలా సంక్రాంతి వెళ్లింది, శివరాత్రి వెళ్లింది. పెళ్లిచూపులకి వచ్చి టిఫిన్ తిని వెళ్లినవాళ్లు కబురు చేయకపోతే ఇంట్లో ఎలా ఉంటుందో, అచ్చంగా అలా ఉండేది.

చివరికి మావారే అన్నారు, “హైదరాబాదు దాకా ఎందుకు? మన ఊళ్లో లాయర్లు లేరా?” అని. ఎలాగూ చదువు మొత్తంలో ఒకసారైనా కోర్టులో వాదించే లాయర్ల దగ్గర నేర్చుకోవాలని ఆ నియమాల్లోనే ఉందట. మాకు తెలిసినవాళ్ల ద్వారా ఒక లాయరమ్మగారి దగ్గరికి వెళ్లారు తండ్రీ కూతుళ్లు. ఆవిడ సీవీ పక్కన పెట్టి, “రోజూ ఉదయం తొమ్మిదింటికి రాగలవా? చదివింది తెలుగులో రెండు ముక్కల్లో చెప్పగలవా?” అని రెండే అడిగారట. “మే నెల వద్దు, సివిల్ కోర్టులకి వేసవి సెలవులు. జూన్‌లో రా” అన్నారు. దరఖాస్తు పెట్టేటప్పుడు ఈ సెలవుల సంగతి కూడా చూసుకోవాలని అప్పుడే తెలిసింది.

తెల్ల చుడీదారు, నల్లకోటు కుట్టించాము. లాయర్లు మెడకి కట్టుకునే తెల్ల పట్టీ మాత్రం విద్యార్థులు కట్టుకోకూడదు. మొదటి రోజు దాన్ని కోర్టు గేటు దగ్గర దింపిన మావారు ఇంటికొచ్చి, “మీ అమ్మాయి మెట్లెక్కింది” అన్నారు. మా అత్తగారు మాట్లాడలేదు. సాయంత్రం అది రాగానే మజ్జిగ గ్లాసు మాత్రం ఆవిడే ఇచ్చారు.

ఆ నెల రోజులూ అది వాదనలు చేసిందనుకోకండి. పొద్దున్నే ఏ కోర్టులో ఏ కేసు ఎన్నో నంబరో చూడడం, గుమస్తాగారి వెనక ఫైళ్లు మోయడం, గంటలు గంటలు కూర్చుని చివరికి వాయిదా అనిపించుకుని రావడం. మధ్యాహ్నాలు మాత్రం ఆఫీసులో పాత దస్తావేజులు చదవడం. ఒక స్థలం కాగితాలు తెచ్చి ముందు పెట్టి, “ముప్ఫై ఏళ్లలో ఇది ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్లిందో తేదీల వరసన రాయి” అనేవారట. లింకు దస్తావేజులు, ఈసీలు, పన్ను రసీదులు... ఆ పాత తెలుగు రాత చదవడానికి మా అత్తగారి సాయం కూడా అడిగేది, “ఈ మాటకి అర్థం ఏమిటి నానమ్మా?” అని. ఏ కాగితమో, ఎవరిదో మాత్రం చెప్పేది కాదు. కక్షిదారుల సంగతులు ఇంట్లో కూడా మాట్లాడకూడదని లాయరమ్మగారి మొదటి పాఠం. రెండో పాఠం “చదవని కాగితాన్ని నీ చెయ్యి దాటనివ్వకు” అని.

మూడో వారంలో ఒక రాత్రి, నేను పెరుగు తోడు పెడుతుంటే వెనక నుంచి వచ్చి, “అమ్మా, తాతయ్య పోయాక నువ్వేమైనా సంతకం చేశావా?” అంది.

“చేశాను. అయితే?”

“అందులో ఏముందో చదివావా?”

నాకెందుకో ఒళ్లు మండిపోయింది. “నాలుగు రోజులు కోర్టుకి వెళ్లగానే మావయ్యల మీద కేసు వేయించడానికి వచ్చావా? ఇందుకేనా నిన్ను చదివించింది?” అని గట్టిగా అరిచాను. పిల్ల మారు మాట్లాడకుండా వెళ్లిపోయింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా నాన్నగారు 2011లో పోయారు. మరుసటి ఏడాది అన్నయ్య ఫోన్ చేసి, పొలం కాగితాలు సరిచేసుకోవాలి, ఒకసారి వచ్చి సంతకం పెట్టమన్నాడు. రిజిస్ట్రారాఫీసు పక్కన లేఖరి గదిలో కూర్చున్నాను. ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అని వేలు పెట్టి చూపిస్తుంటే సంతకాలు చేశాను. వేలిముద్రలు వేశాను. తర్వాత వదిన పట్టుచీర పెట్టింది, అన్నయ్య లక్ష రూపాయలు చేతిలో పెట్టాడు. పుట్టింటికి ఆడపిల్ల అడ్డం పడకూడదని మా అమ్మ ఎప్పుడూ అనేది. నేను సంతోషంగానే చేశాను. అందులో అబద్ధం లేదు.

మర్నాడు నేనే బీరువా అడుగు నుంచి ఆ జిరాక్సు కాపీ తీసి దాని ముందు పెట్టాను. ఇద్దరం కూర్చుని మొదటి నుంచి చదివాం. అది హక్కు విడుదల దస్తావేజు. అంటే నాకున్న వాటా నేను అన్నలకి వదిలేసుకున్నట్టు. అసలు నాకు వాటా ఉందన్న సంగతి కూడా నాకు సరిగ్గా తెలియదు. మన రాష్ట్రంలో 1985లోనే పెళ్లికాని ఆడపిల్లలకి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చారు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణతో పెళ్లయినవాళ్లకీ వచ్చింది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. తండ్రి స్వయంగా సంపాదించుకున్న ఆస్తి అయినా, ఆయన వీలునామా రాయకుండా పోతే కూతురికీ సమాన వాటా ఉంటుంది. అది 1956 చట్టం నుంచీ ఉన్నదే.

చివరి పేజీలో ఆస్తి వివరాల షెడ్యూలు ఉంది. పొలం సర్వే నంబర్లు చదివింది అమ్మాయి. ఆ తర్వాత “ఇంకోటి ఉందమ్మా” అని ఆగింది. నాలుగు హద్దులతో మా ఇల్లు. నేను పుట్టిన ఇల్లు. తూర్పున వీధి, పడమర మా బాబాయిగారి దొడ్డి... నేను సంతకం పెట్టింది పొలానికి ఒక్కదానికే అనుకున్నాను. పధ్నాలుగేళ్లు కావస్తున్నా అలాగే అనుకుంటున్నాను.

దాని కింద ఉంది అసలు వాక్యం. ఈ దస్తావేజుని నేను చదివి, చదివించి విని, అందులోని విషయాలు పూర్తిగా గ్రహించి, ఇష్టపూర్తిగా సంతకం చేశానట. చదవలేదు. ఎవరూ చదివి వినిపించలేదు. ఆ మాట రాసింది లేఖరే అయినా, కింద ఉన్న సంతకం నాది.

“కేసు వేస్తే గెలుస్తామా?” అని అడిగాను. నా నోటి నుంచి ఆ మాట వచ్చినందుకు నాకే ఆశ్చర్యం. అమ్మాయి తొందరపడలేదు. “రిజిస్టరైన కాగితం అమ్మా. నువ్వు ఇంటర్ చదివినదానివి, చదువు రాదని చెప్పలేం. చాలా కష్టం. అయినా నేను లాయరుని కాను, కావాలంటే మేడంగారిని అడుగుదాం. ముందు నీకేం కావాలో నువ్వు చెప్పాలి. అది మేం నిర్ణయించకూడదు” అంది. నిన్నటి దాకా జడ వేయించుకున్న పిల్లేనా ఇది అనిపించింది.

నేను కేసు వేయలేదు. కానీ ఊరుకోనూ లేదు. ఆ సంక్రాంతికి పుట్టింటికి వెళ్లినప్పుడు అన్నయ్యని అరుగు మీద కూర్చోబెట్టి అడిగాను, “ఇల్లు కూడా అందులో ఉందని నాతో ఒక్క మాట ఎందుకు చెప్పలేదన్నయ్యా?” అని. చాలాసేపు మాట్లాడలేదు. “నేనూ సరిగ్గా చదవలేదు చెల్లాయ్. అన్నీ కలిపి రాసేద్దామన్నాడు లేఖరి” అన్నాడు. అది నిజమో కాదో నాకిప్పటికీ తెలియదు. వదిన కాఫీ తెచ్చింది, తాగాను. వచ్చేటప్పుడు అన్నయ్య బస్టాండు దాకా వచ్చి, “ఇల్లు నీది కాదని నేను ఏనాడూ అనుకోలేదమ్మా” అన్నాడు. ఆ మాట కాగితం మీద లేదు. అయినా అడిగినందుకు నా మనసు కొంత తేలికైంది.

ఇక మా అమ్మాయి సంగతి. నాలుగో సంవత్సరంలో దసరా తర్వాత మళ్లీ ఉత్తరాలు రాసింది. ఈసారి ఎనిమిదే. “ముప్ఫై ఏళ్ల లింకు దస్తావేజులు చదివి తేదీల పట్టిక తయారుచేశాను, పాత తెలుగు దస్తావేజులు చదవగలను” అని ఉన్నదున్నట్టు రాసింది. ఫిబ్రవరిలో హైదరాబాదు నుంచి ఒక ఫర్ము పిలిచింది. స్థలాల కాగితాలు చూసే విభాగంలో నాలుగు వారాలు. తెలుగు దస్తావేజు చదివి ఇంగ్లీషులో సారాంశం రాసేవాళ్లు వాళ్లకీ కావాలట! మేము గొప్పగా అనుకున్న ఆఫీసు తలుపు, మేము చిన్నగా అనుకున్న ఆఫీసు నేర్పిన పనితోనే తెరుచుకుంది.

ఇప్పుడు అయిదో సంవత్సరం. చదువు కాగానే బార్ కౌన్సిల్లో పేరు నమోదు చేసుకోవాలి. దానికి చట్టంలో ఉన్న 750 రూపాయల ఫీజు కంటే ఎక్కువ గుంజకూడదని 2024 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఎస్సీ, ఎస్టీ పిల్లలకి 125 రూపాయలు. తర్వాత అఖిల భారత బార్ పరీక్ష. 100 ప్రశ్నలు, మూడు గంటలు. నోట్సు, గీతలు లేని చట్టం పుస్తకాలు వెంట తీసుకువెళ్లవచ్చు. “పుస్తకం చూసి రాయడం కూడా పరీక్షేనా?” అన్నాను. “ఎక్కడ వెతకాలో తెలియకపోతే పుస్తకం ఉన్నా లేనట్టే” అంది. మన పోపులపెట్టె లాంటిదన్నమాట! ఏ గిన్నెలో ఏముందో తెలిసిన చెయ్యికే పని జరుగుతుంది. జడ్జి పరీక్ష రాయాలని కూడా దానికి కోరిక. కానీ ముందు మూడేళ్లు లాయరుగా పనిచేసి ఉండాలని 2025 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఇంకో మూడేళ్లా అని నేను నిట్టూరిస్తే, “మంచిదేనమ్మా, కోర్టు మెట్లు అలవాటవుతాయి” అని నవ్వుతుంది.

రోజూ సాయంత్రం నేను ప్రశ్నలు అడుగుతాను, అది చపాతీలు వత్తుతూ జవాబు చెబుతుంది. 2024 జూలై 1 నుంచి కొత్త నేర చట్టాలు వచ్చాయి కదా. హత్యకి పాత 302 ఇప్పుడు 103. భర్త, అత్తింటివారు పెట్టే హింసకి 498-ఎ ఇప్పుడు 85. భరణం అడిగే 125 ఇప్పుడు 144. అంతకుముందు జరిగిన నేరాలకి పాతవే వర్తిస్తాయి కాబట్టి రెండూ గుర్తుండాలి. మోసం చేసేవాణ్ణి ఫోర్ ట్వంటీ అనడానికి లేదు, ఇక త్రీ ఎయిటీన్ అనాలి! మంచం మీద నుంచి మా అత్తగారు కూడా అప్పుడప్పుడూ నంబర్లు అందిస్తున్నారు.

చదివే మీలో చాలామంది నాలాగే ఎక్కడో ఒకచోట సంతకం పెట్టినవాళ్లే అయి ఉంటారు. కోర్టుకి వెళ్లమని నేను చెప్పను. కానీ పెట్టేముందు చదవండి, అర్థం కాకపోతే చదివించుకోండి. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో అడగవచ్చు, 15100కి ఫోన్ చేయవచ్చు.

మొన్న పొదుపు సంఘం లోను కాగితాల కోసం బ్యాంకుకి వెళ్లాం. గుమస్తా అబ్బాయి వేలు పెట్టి “ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ” అన్నాడు. నేను కళ్లజోడు తీసి పెట్టుకున్నాను. “అన్నీ మామూలేనండీ, మీ వెనక జనం ఉన్నారు” అన్నాడు. “ఉండనీ బాబూ, నేను నెమ్మదిగా చదువుతాను” అన్నాను. వెనక ఉన్న మా సంఘం వాళ్లు విసుక్కుంటారేమో అనుకున్నాను. “పైకి చదువు వదినా, మేమూ వింటాం” అన్నారు.